మాఫీ ఫారం నంబరు తొమ్మిది

ఆఫీసరుకు కోపం వస్తే నష్టం ఒకరిద్దరికే. మెమో అందుకున్నవాడు నాలుగు రోజులు బాధపడి ఊరుకుంటాడు. అదే ఆఫీసరుకు కళ్ళు చెమర్చాయంటే మాత్రం రాష్ట్రమంతా జాగ్రత్తపడాలి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను ఖాయంగా నేర్చుకున్నది ఇదొక్కటే.

నా పేరు నాగుల్ మీరా. ధార్మిక వ్యవహారాలు, పవిత్ర యాత్రల మంత్రిత్వ శాఖలో సూపరింటెండెంటుని. హజ్ యాత్రికుల ఫైళ్ళన్నీ నా సెక్షన్లోనే ఉంటాయి. కిందటేడు యాత్రికుల్ని సాగనంపడానికి మా కార్యదర్శి గారు స్వయంగా విమానాశ్రయానికి దయచేశారు. అక్కడొక ముసలాయన బస్సు దిగి, నేరుగా టీ అమ్మే అతని దగ్గరికి పోయి, రెండు చేతులూ పట్టుకుని, "నాలుగేళ్ళుగా మావోళ్ళని సాగనంపనొచ్చి నీ కాడ టీ తాగుతన్నా. తెలిసీ తెలియకా ఏమన్నా అనుంటే మాఫ్ చెయ్యి తమ్ముడూ" అన్నాడు. "అయ్యో, మీరేమంటారండీ నన్ను" అని టీ అతను ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు.

కార్యదర్శి గారు నన్ను పిలిచారు. "మీరా, ఏమిటిది? ఇద్దరికీ పాత కక్షలా?"

"కక్షలేం లేవు సార్. హజ్‌కి వెళ్ళేముందు చుట్టాల్నీ ఇరుగుపొరుగునీ, తెలిసినవాళ్ళందర్నీ మాఫీ అడిగి వెళ్తారు. మా ఆచారం. మనిషి మనసు నొప్పిస్తే ఆ మనిషే మాఫ్ చెయ్యాలి గదా సార్."

వారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను అప్పుడే పారిపోవాల్సింది.

"దీనికి రికార్డు ఎక్కడ ఉంటుంది?" అన్నారు.

"రికార్డేమీ ఉండదు సార్. నోటితో అడుగుతారు, నోటితోనే చెప్తారు."

"అయితే ఎవరు అడిగారో, ఎవరు క్షమించారో, ఏ మేరకు క్షమించారో ఎవ్వరికీ తెలియదా?"

"ఆ ఇద్దరికీ తెలుస్తుంది సార్."

"ఇద్దరికి తెలిస్తే సరిపోతుందా మీరా? ప్రభుత్వానికి తెలియవద్దూ?"

మూడు నెలల్లో ఉత్తర్వు వచ్చింది. పేరు యాత్రికుల హృదయ ప్రక్షాళన ధ్రువీకరణ పథకం. ఒక్కొక్క యాత్రికుడూ, దంపతులైతే ఇద్దరూ కలిసి, నలభై మంది దగ్గర మాఫీ పొందినట్లు ఫారాలు సమర్పించాలి. ఇంటికి తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దుదారులు తప్పనిసరి, ఎందుకంటే ఆ పేరా నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజులోంచి ఎత్తి రాశాను. మాఫీ ఇస్తుండగా తీసిన ఫోటో జతపరచాలి. దాని కింద "ఆలింగనం / కరచాలనం / నమస్కారం, వర్తించనివి కొట్టివేయవలెను" అని ఉంటుంది. చనిపోయినవారి తరఫున వారసులు ఇవ్వొచ్చు, తహసీల్దారు ధ్రువపత్రం ఉంటే. మొత్తం ఎనిమిది రకాల ఫారాలు. డ్రాఫ్టు రాసింది నేనే. బాగా రాశావని సార్ భుజం తట్టారు కూడా, దాచుకోవడం ఎందుకు.

ఈ పథకం కింద దరఖాస్తు పూర్తిచేసి వచ్చిన మొట్టమొదటి మనిషి నూర్‌బాషా సిలార్ సాహెబ్. చీరాల దగ్గర ఊరు. దూది ఏకి పరుపులు కుట్టడం పని. అరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఏడేళ్ళు వరసగా దరఖాస్తు పెడితే ఈ ఏడు డ్రాలో ఆయన పేరూ, భార్య ఆదంబీ పేరూ వచ్చాయి. ఆదంబీకి మోకాళ్ళు అరిగిపోయాయి. "ఈ ఏడాదికైతే నడుస్తుంది, పై ఏడు సంగతి నేను చెప్పలేను" అన్నాడట డాక్టరు. కాబా చుట్టూ ఏడు చుట్లూ సొంత కాళ్ళ మీద తిరగాలని ఆమె కోరిక. చక్రాల కుర్చీలో తోయించుకునే వాళ్ళను తప్పుపట్టదుగానీ, తను మాత్రం నడవాలి. విమానానికి ఇంకా నలభై ఐదు రోజులుంది.

ఐదు రోజుల్లో నలభై ఫారాలూ నింపించుకొచ్చాడు. రాష్ట్రంలో అదే రికార్డు. మా జాయింట్ డైరెక్టరు పరాంకుశం గారు ఒక్కొక్కటే తిరగేసి, కళ్ళజోడు పైనుంచి చూశారు.

"సాహెబ్ గారూ, 'క్షమించబడిన పొరపాటు వివరములు' అన్న గడిలో నలభై మందీ 'ఏమీ లేదు' అని రాశారేమిటి?"

"లేదు గదా సారూ మరి. పొద్దస్తమానం దూది ఏక్కునేవోణ్ణి, ఎవురితో ఏం పెట్టుకుంటా? మాఫీ అడిగితే అందరూ నవ్వి, పోయిరా సిలారూ అన్నారు."

"అక్కడే వచ్చింది చిక్కు. శూన్యమైన పొరపాటుపై మంజూరు చేయబడిన క్షమాపణ కూడా శూన్యమే అవుతుంది. అనగా, శాఖ దృష్టిలో మిమ్మల్ని ఇంతవరకూ ఎవ్వరూ క్షమించలేదు."

బెంచీ మీద మోకాలు నిమురుకుంటున్న ఆదంబీ తలెత్తింది. "ఏ తప్పూ చెయ్యని మడిసినే గదయ్యా ముందు పంపాల్సింది?"

"అమ్మా, ఏ తప్పూ చేయనివారి గురించి పథకంలో నిబంధన లేదు. సగటున యాత్రికునికి ఇరవై ఎనిమిది పొరపాట్లు ఉండగలవని ప్రాజెక్టు నివేదికలో అంచనా వేసి ఉన్నాము. మీ ఆయన కనీసం చిన్న చిన్నవైనా సమర్పించకపోతే మేము మాత్రం ఏం చేయగలం?"

ఫారాలన్నీ తిరిగి ఇచ్చేశారు. క్షేత్రస్థాయిలో పొరపాట్లు వెలికితీయడానికి విచారణాధికారిగా నన్ను వెంట పంపారు.

సిలార్ సాహెబ్ వీధిలో నన్ను బాగానే చూశారు. ఆయన షెడ్డులో, దూది బస్తాల మధ్య, నలభై మందీ చేరారు. తూర్పు హద్దు నాగరత్నమ్మ ఇడ్లీ హోటలు నడుపుతుంది. పడమటి హద్దు ఆంజనేయులు మాస్టారు, రిటైరై ఇరవై ఏళ్ళయింది. సిలారును ఎలాగైనా మక్కా పంపించాలని అందరికీ పట్టుదలగా ఉంది.

"ఏదో ఒకటి రాద్దాం పట్టండి" అంది నాగరత్నమ్మ. "అన్నా, నువ్వు ఏకిన దూది ఎగిరొచ్చి మా చట్నీలో పడిందని రాయనా?"

"నిక్షేపంగా రాసుకో అమ్మా."

నేను రాసుకుని, "తేదీ?" అన్నాను. తేదీ లేకపోతే ఆడిట్ ఒప్పుకోదు.

నాగరత్నమ్మ ఆలోచించింది. ఆలోచిస్తుండగానే ముఖం మారింది. "ఉండండి. నిజంగానే పడింది! పెద్ద గాలివాన ముందురోజు. గిన్నెడు చట్నీ మీద మంచు కురిసినట్టు తెల్లగా. పడిందా లేదా అన్నా?"

"పడితే ఆనాడే చెప్పకపోయావా? ముప్పై ఏళ్ళబట్టి కడుపులో పెట్టుకున్నావా?"

"కడుపులో ఎందుకు పెట్టుకుంటా? పైన పైన తీసేసి వడ్డించేశా."

"వడ్డించావా?" అంటూ లేచారు ఆంజనేయులు మాస్టారు. ఆయన ముప్పై ఏళ్ళుగా అక్కడే టిఫిను చేస్తున్నారు. నాగరత్నమ్మను తాను క్షమించే ప్రసక్తే లేదన్నారు. హజ్‌కి వెళ్ళేది ఆమె కాదని నేను మనవి చేసుకున్నా వినలేదు. అదే ఊపులో ఆయనకు ఇంకొకటి గుర్తొచ్చింది. "అవునోయ్ సిలారూ, నా రిటైర్మెంటుకు నువ్వు కుట్టిన పరుపులో ఎడమపక్క గుంట. ఇరవై ఏళ్ళుగా నాకు నడుము నొప్పి కూడా ఎడమపక్కే!"

"మాస్టారూ, ఒక్క మాట చెప్తే విప్పి మళ్ళా కుట్టకపోయానా?"

"మొహమాటమయ్యా, మొహమాటం. ఇప్పుడు ప్రభుత్వం అడుగుతోంది కాబట్టి చెప్తున్నాను."

ప్రభుత్వం అడిగేసరికి అందరికీ గుర్తొచ్చాయి. సాయంత్రానికి అరవై ఒక్క పొరపాట్లు తేలాయి. వాటిలో సిలార్ సాహెబ్‌వి పంతొమ్మిది, మిగతావి ఒకరి మీద ఒకరివి. పొద్దున ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు సాయంత్రం మూడు గుంపులుగా వెళ్ళిపోయారు. సగం మంది సంతకం పెట్టేది లేదన్నారు. సిలార్ సాహెబ్ షెడ్డులో ఒక్కడూ నిలబడి, "ఇంతమందిని బాధపెట్టానా నేను?" అని నన్ను అడిగాడు. నా దగ్గర ఆ ప్రశ్నకు గడి లేదు.

పరాంకుశం గారు మాత్రం పొంగిపోయారు. "నలభై మందిలో అరవై ఒకటి! లక్ష్యంలో నూటయాభై రెండు శాతం. ఇన్నాళ్ళూ ప్రజల్లో నిద్రాణస్థితిలో ఉన్న ఫిర్యాదులను వెలికితీసిన ఘనత మన శాఖకే దక్కుతుంది."

నిజమే, దక్కింది. రాష్ట్రమంతా అదే కథ. నోరెత్తని ఊళ్ళు నోరెత్తాయి. ఒక ఊళ్ళో వియ్యంకులు ఇద్దరూ ఒకరికొకరు ఫారాలు ఇవ్వబోయి తన్నుకున్నారు. నలభైకి తోడు చనిపోయిన అన్న తరఫున మాఫీ కూడా కావాలన్నారని సిలార్ సాహెబ్ తహసీల్దారు దగ్గరికి పోతే, "మృతుడు విచారణ సమయమునకు అందుబాటులో లేడు" అని రాసి ముద్ర వేసిచ్చాడు. కువైట్‌లో ఉన్న అన్న కొడుకు వీడియోలో చేతులు చాపి గాలిని కౌగిలించుకున్నాడు. దాన్ని ఆలింగనం కింద లెక్కించాలా, నమస్కారం కింద లెక్కించాలా అని నాలుగు రోజులు ఫైలు తిరిగింది.

విమానానికి పన్నెండు రోజులుందనగా, పెండింగు ఎక్కువైందని మంత్రిగారు మాఫీ మేళా ప్రకటించారు. జిల్లా కేంద్రంలో హైస్కూలు మైదానం. ఒకే రోజు లక్ష మాఫీలు. యాత్రికుల్నీ, మాఫ్ చెయ్యాల్సినవాళ్ళనీ బస్సుల్లో తోలుకొచ్చారు. ఈల వేయగానే అందరూ ఒక్కసారిగా క్షమించుకోవాలి. మంత్రిగారు రావడం ఆలస్యమైంది కాబట్టి ఈల మధ్యాహ్నం ఒంటిగంటకు వేశారు. సిలార్ సాహెబ్ పక్కన నిలబడ్డవాడు వేరే మండలం వాడు, పశువుల డాక్టరు. ఇద్దరూ ఒకర్నొకరు ఎగాదిగా చూసుకుని కౌగిలించుకున్నారు. "అపరిచితుల క్షమాపణ కూడా గణనలోకి వస్తుంది, కొనసాగించండి" అని పరాంకుశం గారు మైకులో అరుస్తున్నారు.

ఆదంబీ పొద్దుటి నుంచీ ఎండలో నిలబడే ఉంది. కూర్చుంటే వరస పోతుందని వలంటీర్లు కూర్చోనివ్వలేదు. ఆమె కుడి మోకాలు ఉబ్బి, రెండో మనిషి ఆసరా లేకుండా అడుగు పడటం లేదు. అవతలి వరసలోంచి నాగరత్నమ్మ చూసింది. వరసల మధ్య కట్టిన తాడు కింద దూరి ఇవతలికొచ్చేసింది.

"ఓయమ్మో, ఆదంబీ ఒదిన కాలు చూశారా? కూర్చోబెట్టండి ముందు! ఏవయ్యా ఆఫీసరూ, ఏదీ నీ ఫారం? దూది పడితే పడింది, ఆ చట్నీ తిని ఎవుడన్నా చచ్చాడా? మాస్టారూ, ఇటు రండి, మీ నడుం నొప్పి ఇంటికి పోయాక చూసుకుందాం, పెట్టండి సంతకం!"

నలభై మందీ పెట్టారు. ఈల వల్ల కాదు, ఆ మోకాలు చూసి పెట్టారు. మా నివేదికలో మాత్రం ఈల వల్లనే అని ఉంది.

ఇక అయిపోయిందనుకున్నాం. విమానానికి మూడు రోజులుందనగా ఆడిట్ వారి అభ్యంతరం వచ్చింది. యాత్రికుడు ఇతరుల నుండి మాఫీ పొందినాడు, సరే, యాత్రికుడు తన వంతుగా ఇతరులను మాఫ్ చేసినాడా? చేసినట్లు రుజువేది? రాత్రికి రాత్రి తొమ్మిదో ఫారం తయారైంది. ఒకే వాక్యం. "నా మనస్సులో ఈ మంత్రిత్వ శాఖపై గానీ, దాని అధికారులు, సిబ్బందిపై గానీ ఎట్టి కినుకయు లేదని అల్లాహ్ సాక్షిగా ధ్రువీకరిస్తున్నాను."

వెయ్యిన్నూట ఆరుగురు చదవకుండా సంతకాలు పెట్టేశారు. ఎవరు మాత్రం చదువుతారు? సిలార్ సాహెబ్ చదివాడు. అక్షరం అక్షరం మీదా వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివి, పెన్ను కింద పెట్టాడు.

"ఇది నేను పెట్టలేను సారూ."

"ఏం?" అన్నారు పరాంకుశం గారు.

"ఉంది గదా కినుక. లేదని దేవుడి పేరు మీద రాసి, మళ్ళా ఆయనింటికే ఎట్టా పోను?"

"అది కేవలం లాంఛనప్రాయమైన కినుక మాత్రమే..."

"కాదు సారూ. మా ఆడమడిసిని ఎండలో నిలబెట్టారు. మా ఈదిలో లేని తగాదాలు పుట్టిచ్చారు. కడుపులో ఉంది. అబద్ధమెందుకు?"

"సరే, ఉందనే అనుకుందాం. క్షమించి సంతకం పెట్టండి."

"పెడతా. ఒక్క నిమిషం పని. మీరు అడగండి మరి."

"ఏమిటి అడిగేది?"

"మాఫీ. నలభై గడపలెక్కి నేను అడిగా. మీరు నన్నొక్కణ్ణి అడగండి. నోటితో చాలు, ఫోటో కూడా వద్దు."

పరాంకుశం గారు నా వైపు చూశారు. వారిని ఇంతవరకూ ఎవరూ ఏదీ అడగమనలేదు. వారినే అందరూ అడుగుతారు.

ఆ మధ్యాహ్నమే ఫైలు మొదలైంది. విషయం: శాఖ తరఫున మాఫీ కోరుటకు సమర్థ అధికారి ఎవరు? కార్యదర్శి గారు "చర్చించండి" అని రాశారు. న్యాయశాఖ వారు, మాఫీ కోరడమంటే తప్పు ఒప్పుకోవడమే కాబట్టి, తప్పు జరిగినదని అనకుండా, జరగలేదనీ అనకుండా, కేవలం ముఖకవళికల ద్వారా విచారం సూచించే అవకాశాన్ని పరిశీలించమన్నారు. సాధారణ పరిపాలన వారు, ప్రభుత్వం నిరంతరమైనది గనుక గత ప్రభుత్వాల అభిప్రాయం కూడా తీసుకోవాలన్నారు. ప్రోటోకాల్ వారికి ఇంకో అనుమానం వచ్చింది. యాత్రికుడు పై అంతస్తుకు రావాలా, శాఖ కింది అంతస్తుకు దిగాలా? ఒకసారి దిగితే రేపు ప్రతివాడి కోసమూ దిగాల్సి వస్తుందని వారు ముందుచూపుతో హెచ్చరించారు.

విమానం రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి మా ఆఫీసు గేటు దగ్గర విమానాశ్రయం బస్సు ఆగింది. యాత్రికులు ఎక్కుతున్నారు. సిలార్ సాహెబ్, ఆదంబీ వరండా బెంచీ మీద ఉన్నారు. పక్కన రెండు సంచులు. ఫైలు నాలుగో అంతస్తులో ఉంది.

నేను కిటికీలోంచి వాళ్ళ మాటలు వింటున్నాను.

"పెట్టెయ్యరాదా సంతకం? ఏమైద్ది?" అంది ఆదంబీ.

"నువ్వే చెప్పు. నువ్వు పెట్టమంటే పెడతా."

ఆమె తన మోకాలి వైపు చాలాసేపు చూసుకుంది. "వద్దులే. దాంతో పోతే నడిచినా నడిచినట్టుండదు" అంది.

నాకు సిగ్గేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని డ్రాఫ్టులు రాశానో, ఒక్కదానికీ ఇంత సిగ్గుపడలేదు. మెట్లు దిగి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను.

"సాహెబ్ గారూ, తెలియక చేశామని కూడా అనలేను. తెలిసే చేశాం. మాఫ్ చెయ్యండి."

"నువ్వేం చేశావు బాబూ? కాయితంలో శాఖ అని ఉంది."

"ఆ కాగితాలన్నీ రాసింది నేనే. ఇంకెవరూ దిగి రారు. ఈ నిమిషానికి శాఖని నేనే అనుకోండి."

ఆయన లేచి నన్ను కౌగిలించుకున్నాడు. చొక్కా కొత్తదే అయినా దూది వాసన వచ్చింది. "మాఫ్ చేశా. నిన్నే కాదు, పైన ఉన్నోళ్ళని కూడా. నువ్వూ మమ్మల్ని మాఫ్ చెయ్యి, మీ ఆఫీసుకొచ్చి గట్టిగా మాట్లాడాం" అన్నాడు. నేను తలూపి పెన్ను అందించాను. ఆయన వరండా గోడ మీద పెట్టుకుని తొమ్మిదో ఫారం మీద సంతకం చేశాడు. ఆదంబీని నేనూ డ్రైవరూ పట్టుకుని బస్సెక్కించాం.

మూడో రోజున నాకు మెమో వచ్చింది. ఎట్టి అధికారమూ లేకుండా తానే శాఖనని ప్రకటించుకొనుట, ముందస్తు అనుమతి లేకుండా శాఖ తరఫున సిగ్గుపడుట అనేవి నా మీద అభియోగాలు. ఏడు రోజుల్లోగా మాఫీ కోరినందుకు లిఖితపూర్వకంగా మాఫీ కోరవలెను. మాఫీ కోరినందుకు మాఫీ కోరే ఫారం శాఖలో లేదని జవాబు రాశాను. అది సమంజసంగానే తోచి, ఆ ఫారం రూపొందించడానికి ఒక కమిటీ వేశారు. అనుభవం ఉన్నవాడినని నన్నే కన్వీనరును చేశారు.

కమిటీ మొదటి సమావేశం జరుగుతుండగా ఫోను మోగింది. అవతల జనం హోరు. "మీరా బాబూ, నేను సిలార్‌ని! ఇనపడతందా? మా ఆదంబీ ఏడు చుట్లూ సొంత కాళ్ళ మీదే తిరిగిందయ్యా. ఆగి ఆగి తిరిగింది, ఎవుర్నీ పట్టుకోలా." ఆ వెనకాల ఆదంబీ ఏదో చెబుతూ నవ్వుతోంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలియదు.

"నీ కోసం దేవుడికి దువా చేశా బాబూ. మీ పెద్ద సారుకి కూడా చేద్దామని అడుగుతన్నా. పేరు చెప్పు."

"కార్యదర్శి, ధార్మిక వ్యవహారాలు..."

"అది కాదయ్యా. ఇక్కడ మగోళ్ళందరూ ఒకటే తెల్లగుడ్డ చుట్టుకున్నారు, హోదా ఎవురికి తెలుసుద్ది? పేరు చెప్పు చాలు."

నాకు పేరు రాలేదు. పదకొండేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను, సార్ అనే పిలిచాను. కమిటీలో ఉన్న ఆరుగురినీ అడిగాను, వాళ్ళూ సార్ అనే పిలుస్తారట. ఫైళ్ళు తిరగేస్తే సంతకం ఉంది గానీ అది అడ్డంగా ఒక గీత, దానికింద ఒక చుక్క. వరండాలోకి పరిగెత్తి గది తలుపు మీద బోర్డు చూశాను. "కార్యదర్శి" అని మాత్రం ఉంది.

"పేరు తెలియదు సాహెబ్ గారూ" అన్నాను.

"అయ్యో పాపం, పేరు కూడా తెలవని మడిసా" అన్నాడు సిలార్ సాహెబ్. "అట్టాంటోళ్ళకి ఇంకాస్త ఎక్కువ చెయ్యాలిలే బాబూ. ఉంటా మరి, మావోళ్ళు పిలుస్తన్నారు."